మైనరు అపహరణ కేసులో తమ్ముడికి శిక్ష పడింది. హైకోర్టులో అప్పీలు: ‘తీసుకుపోవడం’ అంటే చట్టంలో అర్థం ఏమిటి?

వేపచెట్టు · సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ వేదికలో చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు రాయక తప్పడం లేదు.

మా తమ్ముడికి భారత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్ 363, అంటే అపహరణ నేరం కింద మూడేళ్ల కఠిన కారాగార శిక్ష, 5000 రూపాయల జరిమానా పడ్డాయి. సంఘటన 2022 ఫిబ్రవరి నాటిది. అప్పుడు వాడికి ఇరవై ఏళ్లు, అమ్మాయికి పదిహేడేళ్ల అయిదు నెలలు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. మా ఇంటికి రెండు వీధుల అవతల వాళ్లిల్లు. ఇద్దరూ ఇష్టపడ్డారు. ఇంట్లో సంబంధం చూస్తున్నారని తెలిసి ఒక ఉదయం కాలేజీకని బయలుదేరి, విజయవాడ బస్సెక్కింది. మా తమ్ముడు అక్కడ ఒక ఫోన్ల మరమ్మతు దుకాణంలో పని చేసేవాడు. బస్సులోంచి వాడికి ఫోను చేసింది. వాడు బస్‌స్టేషనుకు వెళ్లి, మా పిన్ని ఇంటికి తీసుకొచ్చాడు. అమ్మాయి పిన్ని దగ్గరే పడుకుంది. మూడో రోజు పోలీసులు వచ్చారు.

363తో పాటు, పెళ్లికి బలవంతపెట్టేందుకు అపహరించడం అనే 366 సెక్షను, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కూడా పెట్టారు. తనను తాకలేదని అమ్మాయి కోర్టులో చెప్పింది. 366, పోక్సో కొట్టేశారు. 363 మాత్రం ఉంచారు. తీర్పులో ఆ భాగం రెండే వాక్యాలు: బాలిక మైనరు కనుక ఆమె సమ్మతికి విలువ లేదు, ముద్దాయి ఆమెను తన పిన్ని ఇంటికి తీసుకుపోయినట్లు రుజువైంది.

అప్పీలుకు వెళ్లడానికి నెల రోజులు శిక్ష నిలిపివేశారు. పంతొమ్మిది రోజులు గడిచిపోయాయి. మా వకీలు గారు ‘మైనరు కేసు, హైకోర్టులోనూ ఇంతే’ అంటున్నారు. నిజంగా ఇంతేనా?

నిర్వాహకుడు · సోమవారం, రాత్రి 10:05

వేపచెట్టు గారూ, మీ పోస్టులో ఊరి పేరు, కాలేజీ పేరు ఉన్న వాక్యాన్ని తొలగించాను. పోక్సో కేసులో బాలికను గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం నేరం. ఆ అభియోగం కొట్టేసినా ఆమె గోప్యత పోదు. మిగతావారు కూడా ఎక్కడ, ఎవరు అని అడగవద్దు.

పాత ఫైలు · సోమవారం, రాత్రి 10:31

నేను క్రిమినల్ అప్పీళ్లే ఎక్కువగా చూసే వకీలును. ‘ఇంతే’ అన్న మాటను నేను ఒప్పుకోను. ముందు గడువు సంగతి, తర్వాత అసలు విషయం.

పోక్సో ప్రత్యేక కోర్టు అంటే సెషన్స్ కోర్టే. దాని తీర్పుపై అప్పీలు హైకోర్టుకు వెళుతుంది. గడువు 60 రోజులు. తీర్పు నకలు కోసం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి నకలు సిద్ధమైన రోజు వరకు పట్టిన కాలం ఆ లెక్కలోకి రాదు. ముద్దాయికి తీర్పు నకలు ఒకటి ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చే ఉంటారు. కానీ మీ తొందరకు కారణం 60 రోజులు కాదు, ఆ నెల రోజులే. అవి అయిపోయేలోపు అప్పీలు దాఖలు చేసి, దానితో పాటు శిక్ష నిలుపుదల దరఖాస్తు వేయాలి. పాత ప్రొసీజర్ కోడ్‌లో ఇవి 374, 389 సెక్షన్లు. దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 415, 430. నేరం 2022 నాటిది కనుక శిక్షాస్మృతి మాత్రం పాతదే వర్తిస్తుంది.

ఇక అసలు విషయం. ఈ అపహరణను నిర్వచించే సెక్షన్ 361 చదవండి. మైనరును చట్టబద్ధ సంరక్షకుడి సంరక్షణలోంచి, ఆ సంరక్షకుడి సమ్మతి లేకుండా, ‘తీసుకుపోవాలి’ లేదా ‘ప్రలోభపెట్టి రప్పించాలి’. అమ్మాయి సమ్మతికి విలువ లేదన్న మాట నిజమే. కానీ సమ్మతి లెక్కలోకి రావాలంటే ముందు తీసుకుపోవడం అనేది జరగాలి కదా? మీ తీర్పులో రెండో ప్రశ్నకు జవాబు ఉంది, మొదటి ప్రశ్న వేసుకున్నట్లే కనిపించడం లేదు.

దీనిపై అందరూ చెప్పే తీర్పు వరదరాజన్ వర్సెస్ మద్రాసు రాష్ట్రం. సుప్రీంకోర్టు, 1964 సెప్టెంబరు.

రెండో బెంచీ · సోమవారం, రాత్రి 11:16

న్యాయశాస్త్రం మూడో సంవత్సరం విద్యార్థిని. ఆ తీర్పు మాకు పాఠంగా ఉంది కాబట్టి కథ చెబుతాను.

1960, మద్రాసు. అమ్మాయి బీఎస్సీ రెండో ఏడు. పద్దెనిమిది నిండడానికి ఇంకా నెలన్నర కూడా లేదు. పక్కింటి యువకుణ్ని పెళ్లాడతానని చెప్పడంతో తండ్రి ఆమెను కోడంబాకంలో బంధువుల ఇంట దించి వచ్చాడు. మర్నాడు ఉదయం ఆమె ఆ ఇంట్లోంచి బయటికి వచ్చి, అతనికి ఫోను చేసి, ఫలానా రోడ్డులో కలవమంది. అతను కారుతో వచ్చాడు. ఆమె తనంతట తానే ఎక్కింది. ఇద్దరూ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లి వివాహ ఒప్పందంపై సంతకాలు చేశారు. తర్వాత సాత్తూరు, కోయంబత్తూరు, తంజావూరు తిరిగారు. నెల రోజులకు పోలీసులు తంజావూరులో పట్టుకున్నారు. మెజిస్ట్రేటు ఏడాది కఠిన శిక్ష వేశారు, హైకోర్టు సమర్థించింది, సుప్రీంకోర్టు కొట్టేసింది.

ధర్మాసనంలో సుబ్బారావు, హిదయతుల్లా, ముధోల్కర్ ఉన్నారు. తీర్పు రాసింది ముధోల్కర్. సుబ్బారావు అంటే మన రాజమండ్రి కోకా సుబ్బారావు గారే, తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

తీసుకుపోవడం వేరు, వెంట రానివ్వడం వేరు అన్నది ఆ తీర్పు సారం. తాను చేస్తున్న పని పూర్తి అర్థం తెలిసిన, తెలుసుకోగల వయసున్న అమ్మాయి తనంతట తాను తండ్రి రక్షణ వదిలి వచ్చి అతనితో చేరితే, అతను తీసుకుపోయాడని అనలేం, అంతకు మించి ఏదో చూపాలి అన్నారు. ఆమెను తిరిగి తండ్రి దగ్గర దించే బాధ్యత గానీ, నా వెంట రావద్దని చెప్పే బాధ్యత గానీ చట్టం అతని మీద పెట్టలేదని కూడా రాశారు. మీ తమ్ముడి కథ అచ్చం ఇదే కదా?

మల్లెపందిరి · మంగళవారం, ఉదయం 6:20

నాకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది ఇంటర్ చదువుతోంది. రాత్రి ఇదంతా చదివి నిద్ర పట్టలేదు.

వేపచెట్టు గారూ, మీ బాధ అర్థం చేసుకోగలను. కానీ ఒక్క మాట అడగాలి. ఆ అమ్మాయి మీ పిన్ని ఇంట్లో రెండు రాత్రులు ఉంది. వాళ్లిల్లు మీకు రెండు వీధుల అవతలే. ఆ తల్లి రెండు రాత్రులు కూతురు బతికి ఉందో లేదో తెలియక కూర్చుని ఉంటుంది. మీ ఇంట్లో ఒక్కరికి కూడా ఆ తల్లికి ఒక ఫోను చేయాలని తోచలేదా?

చట్టం ఆ బాధ్యత పెట్టలేదని వాళ్లు రాశారు. సరే. చట్టం పెట్టకపోతే మనిషికి ఉండదా?

వేపచెట్టు · మంగళవారం, ఉదయం 7:55

ఉంటుందమ్మా. మీరు అడిగింది సబబే.

పిన్ని మొదటి రాత్రే మా అమ్మకు ఫోను చేసి చెప్పింది. అమ్మ భయపడింది. చెబితే కొట్టి చంపుతారనుకుంది, పొద్దున చూద్దామంది. పొద్దున ఇంకో భయం. నేను అప్పుడు హైదరాబాదులో ఉన్నాను, రెండో రోజు సాయంత్రం తెలిసింది. నేను కూడా చేయలేదు. ఆ తల్లిని దారిలో చూసినప్పుడల్లా తల దించుకుని పక్కకు తప్పుకుంటున్నాను. నాలుగేళ్లుగా ఇంతే.

తుంగభద్ర · మంగళవారం, ఉదయం 10:12

ప్రాసిక్యూటరుగా పని చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. ఇరవై ఏళ్లకు పైగా అవతలి పక్షాన నిలబడ్డాను. అందుకే నాకు కనిపించేది చెబుతాను.

సెక్షన్ 363 ఒకటే. బస్‌స్టేషనులో తల్లి నిద్రపోతుంటే మూడేళ్ల పిల్లను ఎత్తుకుపోయినవాడూ దానిలోకే వస్తాడు, మీ తమ్ముడూ దానిలోకే వస్తాడు. భిక్షాటన కోసమైతే 363-ఎ, డబ్బు కోసమైతే 364-ఎ, పెళ్లి బలవంతం కోసమైతే 366 అంటూ పైకి మెట్లున్నాయి కానీ పునాది ఒకటే. పిల్లల ఇష్టానికి విలువ లేదని చట్టం ఎందుకంది? చాక్లెట్ ఇస్తే పిల్ల ఇష్టంగానే వెంట వస్తుంది కాబట్టి. ఆ నియమాన్ని పలుచన చేసే ఏ వాదమైనా నాకు భయమే.

ఇంకొకటి. ఈ నేరం అమ్మాయి మీద కాదు, సంరక్షణ మీద. తండ్రి హక్కు అని చాలామంది అంటారు. నేను దాన్ని పిల్ల మీద పహరా అని అనుకుంటాను. 1949 వరకు ఆడపిల్లకు ఈ వయసు పదహారు, మగపిల్లవాడికి పద్నాలుగు. దాన్ని పద్దెనిమిది, పదహారు చేశారు. శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన ఇప్పటి న్యాయ సంహితలో 137వ సెక్షన్ ఆ తేడా కూడా తీసేసి, పద్దెనిమిది లోపు ఎవరైనా పిల్లలే అంది.

వరదరాజన్ తీర్పును సగం చదవకండి. పాప చెప్పినది నిజమే, మిగతా సగం నేను చెబుతాను. ఇల్లు వదిలే క్షణంలో అతని పాత్ర లేకపోయినా, అంతకు ముందు ఎప్పుడో రమ్మని అడిగి ఉంటే, ఒప్పించి ఉంటే, వదిలి వెళ్లాలన్న ఆలోచన కలగడంలో అతని చెయ్యి ఉంటే, అది నేరమేనని అదే తీర్పులో ఉంది. 1972లో హర్యానా వర్సెస్ రాజారాం కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అక్కడ అమ్మాయికి పద్నాలుగేళ్లు. హైకోర్టు విడుదల చేసిన మనిషికి శిక్షను పునరుద్ధరించారు. బలం, మోసం అక్కర్లేదు, వెళ్లాలన్న ఇష్టాన్ని పుట్టించిన ప్రోద్బలం చాలు అన్నారు.

అందుకని అమ్మా, సూటిగా అడుగుతున్నాను. బస్సులోంచి ఫోను చేయడానికి ముందు వాళ్ల మధ్య ఏం నడిచింది?

వేపచెట్టు · మంగళవారం, రాత్రి 11:48

పొద్దుటి నుంచి జవాబు రాయలేకపోయాను.

సందేశాలు ఉన్నాయి. అమ్మాయి ఫోనులోవి. వాళ్ల నాన్న గారు మరో ఫోనుతో ఫొటోలు తీసి, అచ్చు వేయించి పోలీసులకు ఇచ్చారు. మా తమ్ముడు పంపిన వాటిలో ఒకటి: ‘నువ్వు రా, మిగతాది నేను చూసుకుంటాను.’ కోర్టులో సాక్ష్యపత్రంగా గుర్తు వేశారు కానీ తీర్పులో దాని ప్రస్తావన లేదు. తీసుకెళ్లాడు అన్న మాటతోనే సరిపెట్టారు.

ఇది ముందే చెప్పకపోవడం నా తప్పు. మీరు ధైర్యం చెబుతుంటే పోగొట్టుకోవాలని అనిపించలేదు.

రెండో బెంచీ · బుధవారం, అర్ధరాత్రి 12:20

అక్కా, ఫొటోల అచ్చు ప్రతులేనా? అసలు ఫోను కోర్టులో పెట్టారా? పెట్టకపోతే, ఎలక్ట్రానిక్ రికార్డు నకలు సరైనదేనని చెప్పే సాక్ష్య చట్టం 65-బి ధ్రువపత్రం ఉండాలి. 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అసలు పరికరం రాకపోతే ధ్రువపత్రం తప్పనిసరి. అది లేకపోతే ఆ సందేశం సాక్ష్యమే కాదు. ఇక భయం దేనికి?

మల్లెపందిరి · బుధవారం, ఉదయం 6:05

అంటే అతను రమ్మన్నాడు. అన్నాడని అక్కడ ఇన్ని కళ్లు చూశాయి. కాగితానికి ముద్ర లేదు కాబట్టి అనలేదని వాదించాలా? ఆ అమ్మాయి నా కూతురైతే ఈ మాట నా ముందు అనగలరా?

పాత ఫైలు · బుధవారం, ఉదయం 9:15

మల్లెపందిరి గారూ, మీ ముందే అంటాను, ఎందుకంటే ఆ ముద్ర వేధింపుకు పెట్టింది కాదు. ఫొటో తీసిన తెర మీద పేరు మార్చవచ్చు, తేదీ మార్చవచ్చు, మధ్యలో నాలుగు సందేశాలు చెరిపేయవచ్చు. ‘నువ్వు రా’ అన్నదానికి ముందు ఆమె ఏమంది? ‘నేను రేపు ఎలాగైనా వచ్చేస్తాను, నువ్వు ఉంటావా లేదా’ అని ఉంటే ఆ వాక్యం అర్థమే వేరు. ఆమె ఇంకా నిశ్చయించుకోకముందే అతను పదే పదే అడిగి ఉంటే ఇంకో అర్థం. అచ్చు ప్రతిలో ఒక్క పుట తీసి ఇస్తే ఈ రెంటికీ తేడా తెలియదు. ధ్రువపత్రం అడిగేది అందుకే.

అయితే విద్యార్థి మిత్రులకు ఒక హెచ్చరిక. విచారణ కోర్టులో ఆ పత్రాన్ని గుర్తు వేస్తున్నప్పుడు మన వకీలు అభ్యంతరం చెప్పారా లేదా చూడాలి. పైగా అమ్మాయి స్వయంగా సాక్షిగా నిలబడి ‘ఈ సందేశం అతను పంపాడు’ అని నోటితో చెప్పి ఉంటే, కాగితం పోయినా మాట మిగులుతుంది. దీనిమీదే కేసంతా ఆనించకండి.

వేపచెట్టు గారూ, వకీలు దగ్గర వాంగ్మూలాల నకళ్లు ఉంటాయి. అమ్మాయి మొదటి సాక్షి అయి ఉంటుంది. ఆమె ప్రధాన విచారణ, ఎదురు విచారణ రెండూ చదవండి. మెజిస్ట్రేటు ముందు 164 కింద ఇచ్చిన వాంగ్మూలం కూడా. మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒకే ప్రశ్న వేసుకోండి: వెళ్లిపోవాలన్న ఆలోచన మొదట ఎవరిది?

పేరు వద్దు · బుధవారం, మధ్యాహ్నం 2:37

నేను అలాంటి కేసులో మొదటి సాక్షిని.

నాకు అప్పుడు పదిహేనేళ్లు. అతనికి ఇరవై ఏడు. కోర్టులో నన్ను అడిగారు: నీ అంతట నువ్వే వెళ్లావా? నేనే వెళ్లానన్నాను. అది అబద్ధం కాదు. గోడ దూకింది నేనే, రైలు టిక్కెట్టు కొన్నది నేనే, ఫోను చేసింది నేనే. అతను మా ఊరికి కూడా రాలేదు. వరదరాజన్ తీర్పులో ఉన్నవన్నీ నా కేసులో ఉన్నాయి.

కానీ అంతకు ముందు ఆరు నెలలు ప్రతి రోజూ అతను నాకు చెప్పిన మాటలు ఎవరూ అడగలేదు. మీ అమ్మానాన్నలకు నీ మీద ప్రేమ లేదు. నిన్ను అర్థం చేసుకునేది నేనొక్కణ్నే. నువ్వు రాకపోతే నేను ఉండను. ‘వెళ్లిపోదాం’ అని అతను ఎప్పుడూ అనలేదు. నా చేత అనిపించాడు. అది నా ఆలోచన కాదని గ్రహించడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది.

ఈ కేసు అలాంటిదని నేను అనడం లేదు. ఇరవై, పదిహేడున్నర మధ్య తేడా వేరు. నాది వేరు. కానీ వాంగ్మూలాలు చదివేటప్పుడు ‘నేనే వచ్చాను’ అన్న వాక్యం కనబడగానే ఊపిరి పీల్చుకుని పుస్తకం మూసేయకండి. దాని పై పుట కూడా చదవండి.

పట్టుకొచ్చాక నేను బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో హోమ్‌లో ఏడు నెలలున్నాను. అక్కడ నాలాంటి వాళ్లు పన్నెండు మంది. సగం మంది నిజంగానే తమంతట తాము వచ్చినవాళ్లు, ఇంటికి పంపితే పెళ్లి చేసేస్తారని ఏడ్చేవాళ్లు. రెండు రకాల వాళ్లమూ ఒకే గదిలో ఉండేవాళ్లం. కాగితాల్లో అందరికీ ఒకటే సెక్షన్.

తుంగభద్ర · బుధవారం, సాయంత్రం 5:50

అమ్మా, పేరు వద్దు అన్న తల్లీ, నీ మాట చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. సాక్షి బోనులో నిలబడ్డ ఎంతమంది పిల్లలను నేను ‘నువ్వే వెళ్లావా, అతను తీసుకెళ్లాడా’ అని ఒకటే ప్రశ్న అడిగి కూర్చున్నానో గుర్తు చేసుకున్నాను. ఆరు నెలల ముందు సంగతి అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

వరదరాజన్ తీర్పు రాసినవారు తమ మాటను ఆ కేసులాంటి వాటికే పరిమితం చేస్తున్నామని అందులోనే చెప్పుకున్నారు. కాలేజీలో చదువుతూ, పెద్ద నగరంలో పెరిగి, మేజరు కావడానికి దగ్గరలో ఉన్న అమ్మాయి అని ప్రత్యేకంగా రాశారు. పదమూడేళ్ల పిల్ల కేసులో దాన్ని ఎత్తుకొచ్చే వకీళ్లను చూశాను. అది తప్పు. పదిహేడున్నరేళ్ల పిల్ల కేసులో దాని ఊసే లేకుండా తీర్పు రాయడమూ తప్పే.

కొత్త సభ్యుడు 88 · బుధవారం, రాత్రి 8:02

ఇంత గొడవ ఎందుకు? ఇప్పుడు అమ్మాయి మేజరు కదా. వాళ్ల ఇంటికి పెద్దమనుషులను పంపి రాజీ చేసుకోండి. ‘నాకు అభ్యంతరం లేదు’ అని ఆమె చేత ఒక అఫిడవిట్ రాయిస్తే కేసు పోతుంది.

పాత ఫైలు · బుధవారం, రాత్రి 8:25

దయచేసి ఈ సలహా ఎవరూ పాటించవద్దు. 363 రాజీకి వీలున్న నేరాల జాబితాలో లేదు. శిక్ష పడ్డాక అఫిడవిట్‌తో కేసు పోదు. ఆమె సాక్ష్యం ఎప్పుడో నమోదైపోయింది, హైకోర్టు చూసేది దాన్నే. ఇప్పుడు ఇంటికి మనుషులను పంపితే అది సాక్షి మీద ఒత్తిడిగా కనబడుతుంది, బెయిలుకే ముప్పు వస్తుంది. అన్నిటికీ మించి, ఆ అమ్మాయి ఇప్పుడు తన బతుకు తాను బతుకుతోంది.

వేపచెట్టు · బుధవారం, రాత్రి 9:10

మా బంధువులు కూడా ఇదే అంటున్నారు. నేను ఒప్పుకోలేదు. ఆమె డిగ్రీ చివరి సంవత్సరంలో ఉందని విన్నాను. ఆ ఇంటి తలుపు తట్టే హక్కు మాకు లేదు.

రెండో బెంచీ · గురువారం, ఉదయం 7:30

వయసు రుజువు సంగతి ఎవరూ అడగలేదు. పదిహేడేళ్ల అయిదు నెలలు అని కోర్టు ఏ కాగితం చూసి అంది? బాలల న్యాయ చట్టం 2015లో 94వ సెక్షన్ ప్రకారం బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి ధ్రువపత్రం ముందు. అవి లేకపోతే పురపాలక సంఘమో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. 2023లో యువప్రకాశ్ కేసులో బదిలీ ధ్రువపత్రం ఆ జాబితాలోది కాదని సుప్రీంకోర్టు చెప్పి పోక్సో శిక్షను కొట్టేసింది.

వేపచెట్టు · గురువారం, ఉదయం 8:14

పదో తరగతి మార్కుల పత్రం ఉంది. ప్రధానోపాధ్యాయుడు వచ్చి రిజిస్టరు చూపించారు. వయసు మీద మేము పోట్లాడం. ఆమె వయసు మాకూ తెలుసు.

మల్లెపందిరి · గురువారం, ఉదయం 9:40

వేపచెట్టు గారూ, నిన్న కోపంతో రాశాను. ఈ జవాబు చదివాక ఆ కోపం లేదు. మీ తమ్ముడు చేసింది నాకు నచ్చలేదు, నచ్చదు కూడా. కానీ మూడేళ్లు జైలులో పెట్టాల్సిన మనిషేనా అంటే నేను అవునని చెప్పలేను.

పాత ఫైలు · గురువారం, ఉదయం 11:05

ఇదే చాలామంది వకీళ్లు అప్పీలులో రాయడం మరిచిపోయే అంశం. శిక్ష తగ్గింపు అనేది ప్రత్యామ్నాయ అభ్యర్థనగా తప్పక ఉండాలి. 363కు గరిష్ఠం ఏడేళ్లు, కనిష్ఠం లేదు. 2021 జనవరిలో అన్వర్‌సింహ్ వర్సెస్ గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు ప్రేమ వ్యవహారం అపహరణకు జవాబు కాదంది, నేర నిర్ధారణను ఉంచింది. అయినా వయసులను, బలప్రయోగం లేకపోవడాన్ని, గడిచిన కాలాన్ని చూసి శిక్షను అప్పటికి అనుభవించిన మేరకు తగ్గించింది. అంటే తీసుకుపోవడం మీద మనం ఓడిపోయినా తలుపు మూసుకుపోదు. నేరస్థుల పరివీక్షణ (ప్రొబేషన్) చట్టం, 1958లోని 4వ సెక్షన్ కింద సత్ప్రవర్తన బాండుపై విడుదల కోరవచ్చు. దాన్ని వాడే అధికారం అప్పీలు కోర్టుకూ ఉంది.

భయం ఉన్నవారికి ఇంకో మాట: ముద్దాయి మాత్రమే వేసిన అప్పీలులో హైకోర్టు శిక్షను పెంచలేదు.

ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ చెబుతున్నాను. హైకోర్టులో న్యాయ సేవల కమిటీ ఉంటుంది. ఆదాయ పరిమితికి లోబడితే వకీలును వాళ్లే ఇస్తారు. 15100కు ఫోను చేసి అడగండి. జైలులో ఉన్నవారికైతే ఆదాయం చూడరు.

వేపచెట్టు · శనివారం, రాత్రి 10:20

వాంగ్మూలాలు తెచ్చుకుని రెండు రోజులు చదివాను. పేరు వద్దు గారూ, మీరు చెప్పినట్లు పై పుట కూడా చదివాను.

ఎదురు విచారణలో అమ్మాయి ఇలా అంది: ‘ఆదివారం నాకు పెళ్లిచూపులు పెట్టారు. శనివారం రాత్రే వెళ్లిపోవాలని అనుకున్నాను. అతనికి చెబితే వద్దన్నాడు, పరీక్షలు రాయమన్నాడు. నేను వినలేదు.’ ఈ మాటలు తీర్పులో ఎక్కడా లేవు.

కానీ 164 వాంగ్మూలంలో ఇంకో వాక్యం ఉంది. జనవరిలో, సంక్రాంతికి వచ్చినప్పుడు, ‘ఎప్పుడైనా ఇబ్బంది అయితే నా దగ్గరకు వచ్చేయ్’ అని తమ్ముడు అన్నాడట. ‘నువ్వు రా’ అన్న సందేశానికి తేదీ కనిపించడం లేదు. వాణ్ని కూర్చోబెట్టి అడిగాను. బస్సులో ఉన్నప్పుడు పంపానన్నాడు. సంక్రాంతి మాట నిజమేనా అన్నాను. నిజమే అన్నాడు.

తుంగభద్ర · ఆదివారం, ఉదయం 8:35

సంక్రాంతి మాటను దాచవద్దు, ప్రభుత్వ వకీలు ఎలాగూ చదువుతారు. ‘ఇబ్బంది అయితే వచ్చేయ్’ అనడం, ‘ఇల్లు వదిలి వచ్చేయ్’ అనడం ఒకటి కావు. అయితే కొందరు న్యాయమూర్తులకు ఒకటిగానే తోచవచ్చు. పరీక్షలు రాయమన్నాడన్న వాక్యాన్ని దాని పక్కనే పెట్టండి. ఆలోచన ఆమెది, తోడు అతనిది అన్నట్లుగా మొత్తం సాక్ష్యం నడుస్తోందా అని అడగండి. నేను ఇంకా ఆ కుర్చీలో ఉంటే, ఈ వాక్యానికి జవాబు చెప్పడం నాకు కష్టమయ్యేది.

పేరు వద్దు · ఆదివారం, ఉదయం 11:02

అతను నాకు ఎప్పుడూ పరీక్షలు రాయమనలేదు.

వేపచెట్టు · తర్వాతి వారం, శుక్రవారం, సాయంత్రం 6:48

అప్పీలు దాఖలైంది. కొత్త వకీలు గారు కారణాల్లో మొదటిదిగా తీసుకుపోవడం గురించే రాశారు, అమ్మాయి ఎదురు విచారణ మాటలు యథాతథంగా ఎత్తి రాశారు. సందేశం విషయం మూడో కారణం. శిక్ష తగ్గింపు చివరిది. ఈ రోజు విచారణకు స్వీకరించి, శిక్ష నిలిపివేసి, బాండు మీద బెయిలు కొనసాగించారు. జరిమానా ముందే కట్టాం. కింది కోర్టు రికార్డు తెప్పించమన్నారు. తుది వాదనలకు తేదీ ఇవ్వలేదు, ఏళ్లు పట్టవచ్చని వకీలు గారు చెప్పారు.

మల్లెపందిరి గారూ, నిన్న సాయంత్రం ఆ అమ్మాయి వాళ్లమ్మ కూరగాయల దగ్గర ఎదురుపడ్డారు. ఈసారి నేను పక్కకు తప్పుకోలేదు. ఏమీ మాట్లాడలేదు కూడా. ఆవిడే ఒక్క క్షణం ఆగి, ‘మీ అమ్మకు ఒంట్లో ఎలా ఉంది?’ అని అడిగి వెళ్లిపోయారు.